విప్పనివ్వని గోడ

ఏప్రిల్ 9

అక్క మీద మోపిన నేరం ఇది: నాలుగు రాళ్ళను పొడుగు బయటికి కనబడేలా పేర్చింది. అంతే. హత్య కాదు, దొంగతనం కాదు. నాలుగు రాళ్ళు. ఈ నేరానికి నేను జవాబు చెబుతాను.

ముందు వాస్తవాలు. సున్నం, సిమెంటు, మట్టి ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టడం అక్క వృత్తి. ఆ గోడకు రెండు ముఖాలుంటాయి, మధ్యలో చిన్న రాళ్ళు కూరతారు. ప్రతి రాయీ పొడవునా గోడ లోపలికి పోవాలి. బయటికి దాని తల మాత్రమే కనబడాలి. పొడుగు బయటికి పెడితే చూడటానికి బాగుంటుంది, లోపల పట్టు ఉండదు. అలాంటిదాన్ని పనివాళ్ళు షోకు రాయి అంటారు.

రాతిపనివారి సంఘంలో నాలుగు మెట్లున్నాయి. నాలుగోది ఎక్కినవాళ్ళే మేస్త్రీలు. కొండమట్టిని ఆపే గోడలు మేస్త్రీలే కట్టాలి. మేము చదివిన బడి వెనక అలాంటి గోడ ఒకటి ఉండేది. అక్క ఏడో తరగతిలో ఉండగా ఒక వానాకాలం అది కూలింది. అప్పటినుంచి అక్కడ ఇనుప వల కట్టి ఊరుకున్నారు. ఆ గోడ నేనే కడతాను అని అక్క అప్పుడే అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, చిన్నదాన్ని కాబట్టి. మొదటి మూడు మెట్లూ ఆమె ఒక్క ప్రయత్నంలోనే ఎక్కింది.

ఈ రోజు నాలుగో పరీక్ష. పొద్దున్న ఒక పాత గోడ ముక్క చూపించారు. దాన్ని విప్పి వెలుతురు పోయేలోగా తిరిగి కట్టాలి. అక్క కట్టింది. సాయంత్రం పరీక్ష చూసే పెద్దమేస్త్రి వచ్చి చుట్టూ నడిచారు. ఒకచోట వంగి అరచేయి ఆనించారు. లేచి, లేదమ్మాయ్ అన్నారు. కొలత తీయలేదు. దారం పట్టలేదు. కారణం రాయలేదు. ఆ నాలుగు రాళ్ళ వైపు వేలు చూపించి, లేదమ్మాయ్.

సంఘం పుట్టినప్పటినుంచి నాలుగో మెట్టు ఎక్కిన స్త్రీ ఒక్కరు కూడా లేరు. సంఘం షెడ్డు గోడకు తగిలించిన మేస్త్రీల ఫోటోలన్నీ చూశాను. అన్నీ మీసాలే.

కాలేజీ డిబేట్ టీంలో ఉన్నదాన్ని, అప్పీలు వేస్తున్నానని ఇంట్లో ప్రకటించాను. అమ్మ దర్జీ, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. ఇంట్లో మైకు ఒక్కటే ఉందనుకున్నాను, కోర్టు కూడా తెచ్చావా అంది. అక్క చేతులు కడుక్కుంటూ, రేపు పొద్దున్నే వెళ్ళి విప్పేస్తాను, వచ్చే ఏడు చూసుకుందాం అంది. ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకు ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 10, ఉదయం

ఓడినవాళ్ళు మర్నాడు తమ గోడను తామే విప్పాలన్నది ఇక్కడి ఆచారం. పై వరుస నుంచి కిందికి, ఒక్కో రాయీ తీసి, సైజు ప్రకారం కుప్పలు పెట్టి, తర్వాతి అభ్యర్థికి అప్పగించాలి. నెగ్గినవాళ్ళ గోడలు మాత్రం షెడ్డు వెనక స్థలంలో శాశ్వతంగా నిలబడి ఉంటాయి. వాటిని కట్టినవాళ్ళు కూడా ముట్టుకోకూడదు.

అవమానాన్ని ఆచారం చేయడం అంటే ఇదే. ఓడించి, ఆ ఓటమిని ఓడినవాళ్ళ చేతులతోనే మోయించడం.

అక్క తోలు గ్లవ్స్ తొడుక్కుని వచ్చేసరికి నేను గోడకు అడ్డంగా నిలబడి ఉన్నాను. ఇది సాక్ష్యం అన్నాను. తప్పుకోవే లాయరమ్మా, ఎండెక్కుతోంది అంది. పెద్దమేస్త్రి కూడా వచ్చారు. అప్పీలు వేస్తే తీర్పు వచ్చేదాకా గోడను ముట్టుకోకూడదనేది రూలే అని ఆయనే ఒప్పుకున్నారు. అయినా విప్పుకోనివ్వు చిన్నమ్మాయ్, విప్పితే దానికే తెలుస్తుంది అన్నారు. ఆమెకు తెలియవలసింది ఏమీ లేదు, తెలియవలసింది మీకే అన్నాను.

ఈ వాక్యం బాగా వచ్చింది. హియరింగ్‌లో మళ్ళీ వాడాలి.

అక్క నా మొహం చూసింది, గోడ మొహం చూసింది. నీ ఇష్టం అంది. గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుంది.

ఏప్రిల్ 17

నెగ్గిన గోడలన్నిటినీ పరిశీలించాను. తోడు ఫుట్‌నోట్ వచ్చాడు. డిబేట్ టీంలో నా జోడీ వాడు. ఆధారం చూపించకుండా ఆవులించడు కూడా, అందుకే ఆ పేరు. మగ మేస్త్రీల గోడల్లో షోకు రాళ్ళు దొరికాయి! ఒకదానిలో రెండు, ఇంకోదానిలో మూడు, సంఘం కార్యదర్శి గారి గోడలోనైతే అక్కకన్నా ఎక్కువే. వాళ్ళు మేస్త్రీలు. అక్క మాత్రం ఫెయిల్. ఇంతకన్నా ఏం కావాలి?

ఫుట్‌నోట్ మాత్రం తల గోక్కున్నాడు. వాళ్ళవి తలా ఒక మూల ఉన్నాయి, మీ అక్కవి నాలుగూ ఒకేచోట గుంపుగా ఉన్నాయి, అది తేడా కింద వస్తుందా రాదా అని అడిగాడు. నువ్వు ఎవరి తరఫున వచ్చావురా అన్నాను. ఆ తర్వాత బస్సులో అరటిపండు తింటూ కూర్చున్నాడు.

ఏప్రిల్ 18

అన్నం తింటూ అక్క, వాళ్ళ గోడల్లో షోకు రాళ్ళు ఎక్కడెక్కడున్నాయే అని అడిగింది. అక్కడక్కడ అన్నాను. ఊఁ అంది.

ఆ ఊఁ ఏమిటో అడగవలసింది. అడిగితే చెబుతుంది. అందుకే అడగలేదు.

ఏప్రిల్ 21

నాన్న క్వారీ లారీ తోలేవాడు. ఆయన పోయిన ఏడు, ఆడపిల్లకు రాతిపనేమిటని నలుగురూ నవ్వుతుంటే అక్కను పనిలో పెట్టుకున్నది పెద్దమేస్త్రే. ఇది ప్రత్యర్థికి పనికొచ్చే పాయింట్. దీనికి ఎదురు జవాబు, రిబటల్, సిద్ధం చేసుకోవాలి.

మే 2

గెలిచాను.

హాలు నిండిపోయింది. కాలేజీ నుంచి మా వాళ్ళు వచ్చారు, రెండు పత్రికల వాళ్ళు వచ్చారు. ప్యానెల్‌లో ముగ్గురు పాత మేస్త్రీలు, వాళ్ళ పక్కన కార్యదర్శి. ముందు ఫోటోల గురించి మాట్లాడాను. తర్వాత మగవాళ్ళ గోడల గురించి. తీయని కొలత గురించి, రాయని కారణం గురించి. మీ చూపు గోడ మీద పడకముందే గోడ కట్టిన మనిషి మీద పడింది అన్నాను. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

పెద్దమేస్త్రిని జవాబు చెప్పమన్నారు. ఆయన లేచి కుర్చీ వీపు పట్టుకున్నారు. ఆ అమ్మాయికి సుత్తి పట్టడం నేర్పింది నేనే అన్నారు. అంతే, కూర్చున్నారు.

నా రిబటల్ సిద్ధంగా ఉంది. నేర్పడానికి ముందుకొచ్చిన చేతులే, పక్కన కుర్చీ వేయవలసి వచ్చినప్పుడు వెనక్కి పోతాయి అన్నాను.

హాలంతా లేచి నిలబడింది. ప్యానెల్ పక్కగదిలోకి వెళ్ళి టీ తాగేంతసేపు కూడా ఉండలేదు. అక్క పాసైంది. సంఘం చరిత్రలో మొదటి మహిళా మేస్త్రి. పెద్దమేస్త్రి గోడ నిటారుగా ఉందో లేదో చూసే తన తూకం గుండును జేబులోంచి తీసి, దారం చుట్టి, ప్యానెల్ బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. ఇక పరీక్షలకు రారట.

ఫోటో తీసేటప్పుడు అక్కను నవ్వమన్నారు. నవ్వింది.

మే 3

అక్క ఆ ఫోటో పత్రికలో చూడకుండానే పడుకుంది. పని అలసట కాబోలు.

జూన్ 8

బడి వెనక గోడ అక్కకే అప్పగించారు. వానలు వెనకబట్టాక మొదలుపెట్టాలి. అమ్మ కొత్త చొక్కా కుట్టింది, మేస్త్రికి జేబులు ఎక్కువ కావాలని నాలుగు పెట్టింది. అక్క అది వేసుకుని అద్దం ముందు నిలబడి అన్ని జేబుల్లోనూ చేతులు పెట్టి చూసుకుంది. ఎన్ని జేబులుంటే ఏం, పెట్టడానికి ఏమీ లేనప్పుడు అంది. జోకనుకుని నవ్వాను.

జూన్ 19

అంతర్ కళాశాలల ఫైనల్స్ గెలిచాను. హియరింగ్‌లో చేసిన ప్రసంగాన్నే కొంచెం సానబెట్టి వాడాను. రాష్ట్ర స్థాయికి ఎంపిక. ఆరు నెలల కిందట గోడకు అంటించుకున్న నా టార్గెట్లలో మొదటిది కొట్టేశాను.

కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాను. అక్క దాన్ని ఎత్తి, తిరగేసి, వేలితో తట్టింది. లోపలేముందే అంది. ఏముంటుంది, ఖాళీ అన్నాను. పెన్నులు పెట్టుకో అంది.

అక్కకు పనిలో కొత్త పేరు వచ్చిందట. అప్పీలు మేస్త్రి. ఒకడు రాయి ఎంతకీ కుదురుకోకపోతే, చెల్లెల్ని పిలిపించండి, గట్టిగా నాలుగు మాటలు చెబితే రాయే కూర్చుంటుంది అన్నాడట. అక్క ఇదంతా వాడి గొంతుతోనే చేసి చూపించింది. అమ్మ నోట్లో సూదులు తీసి మరీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చివర్లో చూస్తే అక్క ప్లేటులో అన్నం అలాగే ఉంది.

జూలై 12

వారం నుంచి వాన. మధ్యాహ్నం ఫుట్‌నోట్ ఫోన్ చేశాడు. షెడ్డు మీదుగా వస్తున్నాడట. మీ అక్క గోడ ఒకసారి చూసిరా, ఆధారం నేను చెప్పను, నువ్వే చూడు అన్నాడు.

వెళ్ళాను. మిగిలిన గోడలన్నీ తడిసి నల్లగా, మర్యాదగా నిలబడి ఉన్నాయి. కార్యదర్శి గోడ కూడా. అక్క గోడ మాత్రం నడుము ఎత్తున ముందుకు ఉబ్బింది. పనివాళ్ళు గోడకు కడుపొచ్చింది అంటారు దాన్ని. నాలుగు షోకు రాళ్ళూ కింది పెదవిలా బయటికి వచ్చి, వాటి సందుల్లోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు పెద్దమేస్త్రి చేయి పెట్టినచోటే చేయి పెట్టాను. రాయి కదిలింది. నేను భయపడి చేయి తీసేశాను.

ఇంటికొచ్చేసరికి అక్క సుత్తికి కొత్త పిడి బిగిస్తోంది. ఏడ్చావా అంది. వాన అన్నాను. చూసొచ్చావన్నమాట, నెలలు నిండుతున్నాయి దానికి అంది. నవ్వలేదు.

నీకు ఎప్పుడు తెలుసు అని అడిగాను. పెట్టేటప్పుడే తెలుసు అంది. పొద్దు వాలుతోందట. చేతికి నాలుగు రాళ్ళు వరసగా అందాయట, బల్లపరుపుగా, దారానికి అచ్చంగా ఆనేలా. ఎంత ముద్దుగా ఉన్నాయో తెలుసా, తిప్పి పెట్టబుద్ధి కాలేదు, పెడితే వెనకున్న చిన్న రాళ్ళన్నీ మళ్ళీ సర్దాలి, టైం లేదు, షోకు చేశాను అంది.

అయితే తప్పు తెలిసిందిగా, ఇక విప్పి చూసేదేముంది అన్నాను. ఇంత జరిగాక కూడా నా నోరు పాయింట్ వెతుక్కుంటోంది.

అక్క సుత్తి కింద పెట్టింది. నాలుగు షోకు రాళ్ళకే గోడ మొదటి వానకు ఇలా అయిపోదే అంది. లోపల ఇంకేదో చేశాను. చిన్న రాళ్ళు కూరడంలోనో, కింది వరుసలోనో. నాకు తెలియకుండా చేశాను. తెలిసి చేసిన తప్పుకు భయం లేదు, మళ్ళీ చెయ్యను. తెలియనిది నా చేతుల్లోనే ఉండిపోయింది. పై నుంచి ఒక్కో వరుసా విప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట కనబడేది. ఇప్పుడు బడి వెనక మొదటి రాయి పెట్టాలంటే నా చేతులనే నేను నమ్మడం లేదు. దానంతట అది కూలిందనుకో, రాళ్ళ కుప్ప మిగులుతుంది. కుప్పలో ఏమీ కనబడదు అంది.

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు, నీ ఇష్టం అన్నావుగా అన్నాను. నీతో వాదించి ఎవరు గెలిచారే ఈ ఇంట్లో అంది. సుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, నాకూ ఆశ పుట్టింది, నిన్నొక్కదాన్నే అనకూడదు, హాలంతా నిలబడితే నిజంగానే బాగా కట్టానేమో అనిపించింది అంది.

తర్వాత ఆ మాట అంది. గొంతు పెంచలేదు. ఓడిపోవడం నాదే, అది నాకు చాలా పనికొచ్చేది, నువ్వు దాన్ని ఎత్తుకుపోయావు అంది.

జూలై 13

నా మీద మోపిన నేరం ఇది: అక్క ఓటమిని దొంగిలించాను. జవాబు కోసం పొద్దున్నుంచి కూర్చున్నాను.

జూలై 21

పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళాను. క్షమాపణ చెప్పాలని. నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను కూడా.

ఆయన వరండాలో పాత రేడియో విప్పి కూర్చున్నారు. నన్ను చూసి, దీని నోరు కూడా పడిపోయింది, నువ్వేమైనా మాట్లాడించగలవా అన్నారు. ఎత్తిపొడుపే. తగిలింది. నా మొదటి వాక్యం మధ్యలోనే చేయెత్తి ఆపారు. నువ్వు బాగా మాట్లాడావు చిన్నమ్మాయ్, చప్పట్లు కొట్టబోయి ఇది నా మీదే కదా అని ఆగాను అన్నారు. కోపం పోలేదు ఆయనకు. పోయినట్టు నటించనూ లేదు. మీ అక్కను సొంత కూతురిలా చూశాను, ఆ హాల్లో అది తల దించుకుని కూర్చుంది, నీ మాటలకన్నా అదే బాధ అన్నారు.

లేచి వచ్చేస్తుంటే కూర్చోమన్నారు. రేడియో స్క్రూలు డబ్బాలో వేస్తూ, నా వైపు చూడకుండా ఇంకో సంగతి చెప్పారు. అక్కకన్నా ముందు, చాలా ఏళ్ళ కిందట, ఒకావిడ నాలుగో పరీక్షకు కూర్చుందట. ఇద్దరు పిల్లల తల్లి. గోడ నిఖార్సుగా ఉందట. ఆయనా, ఇంకో ఇద్దరూ చూసి, మేస్త్రిని చేస్తే రేపు మగ కూలీలు ఆమె కింద పని చేస్తారా అని తమలో తాము అనుకుని, లేదమ్మా అన్నారట. మర్నాడు ఆమె గోడ విప్పడానికి వచ్చింది. ఒక్కో రాయీ తీసి, తిప్పి, నిమిరి చూసి పక్కన పెట్టింది. సాయంత్రం దాకా తప్పు కోసం వెతికింది. అందులో తప్పు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు, నేను షెడ్డులో కూర్చుని చూస్తూనే ఉన్నాను అన్నారు.

మళ్ళీ ఆమె ఎప్పుడూ సుత్తి పట్టలేదట. ఇప్పుడు బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేస్తుందట.

నువ్వు ఆ హాల్లో చెప్పిందంతా నిజమే, కాకపోతే ఆ గోడ గురించి చెప్పవలసింది, ఈ గోడ గురించి చెప్పావు అన్నారు.

నాలుగు వాక్యాల్లో ఒక్కటీ పూర్తిగా చెప్పకుండానే వచ్చేశాను.

జూలై 22

బస్టాండు. గొడుగు నాది బాగానే ఉంది. ఒక ఊచ నేనే వంచి ఇచ్చాను. ఆమె దాన్ని సరిచేసి, విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి ఎదురు వెలుతురులో పెట్టి చూసింది. ఇంకెక్కడైనా తప్పుందేమో చూస్తున్నానమ్మా అంది. డబ్బులిచ్చి గొడుగు తీసుకున్నాను.

ఆగస్టు 6

అక్క సంఘానికి వెళ్ళి తన గోడను విప్పుకుంటానని అడిగింది. కార్యదర్శి కుదరదన్నారట. నెగ్గిన గోడను ముట్టుకోవడానికి రూల్ ఒప్పుకోదు. పాస్ రద్దు చేయమంటే, అమ్మో అన్నారట. మొదటి మహిళా మేస్త్రిని దించేశారని రేపు మీ చెల్లెలే మా గేటు ముందు మైకు పెడుతుంది, మాకా ధైర్యం లేదు తల్లీ అన్నారట. గోడ చుట్టూ తాడు కట్టించి, ఎవరూ దగ్గరికి వెళ్ళకుండా బోర్డు పెట్టించారు. కట్టినప్పుడు నమ్మలేదు, కూలుతుంటే కాపలా పెట్టారు అంది అక్క. ఈసారి నిజంగానే నవ్వింది. ఏడుపు కన్నా ఘోరంగా ఉంది.

బడి వాళ్ళకు కూడా చెప్పేసింది. ఈ గోడ లోపల చూసేదాకా ఆ గోడకు రాయి పెట్టనని. వానలు తగ్గాక ఇంకెవరికైనా ఇచ్చుకోమంది. ఏడో తరగతి నుంచి కన్న కలను ఇంకెవరికైనా ఇచ్చుకోమంది. అమ్మ ఆ నాలుగు జేబుల చొక్కా మడిచి బీరువాలో పెట్టేసింది. ఎవరూ చెప్పలేదు ఆవిడకు.

రూల్స్ మళ్ళీ చదివాను. దారి ఒక్కటే ఉంది. తీర్పును తిరగదోడమని అడిగే హక్కు అప్పీలు వేసినవాళ్ళకు మాత్రమే ఉంది.

ఆగస్టు 19

ఎదుటి పక్షం వాదన కూడా నాకు కంఠతా వచ్చు. నేను వెనక్కి తీసుకుంటే, చూశారా ఆడవాళ్ళను ఎక్కిస్తే ఇంతే అంటారు. పత్రికల వాళ్ళు ఈసారి ఇంకా ఎక్కువ మంది వస్తారు. రేపు పరీక్షకు కూర్చోబోయే అమ్మాయి గోడ ముందు నిలబడి, నీకు కూడా చెల్లెలుందా అని అడుగుతారు. రాష్ట్ర స్థాయి పోటీలో నా ప్రత్యర్థి మొదటి నిమిషంలోనే దీన్ని నా మొహాన కొడతాడు. కొట్టాలి కూడా. నేనైతే కొడతాను.

ఇవన్నీ ఫుట్‌నోట్‌కు చెప్పాను. వాడు చాలాసేపు విని, ఇందులో మీ అక్క ఎక్కడుంది అన్నాడు.

రోజంతా ఆలోచించాను. నా వాదన నిజం. దాన్ని మోయడానికి అక్కను నిలబెట్టాను. ఆమె గోడను ఒక్కసారైనా గోడగా చూడలేదు. పెద్దమేస్త్రి మనిషిని చూసి గోడను చూడలేదని అరిచాను. నేను మనిషినీ చూడలేదు. అందరికీ కనబడేలా, బారుగా, బయటికి పెట్టాను నా తెలివినంతా. లోపలికి ఎంత పోయింది?

ఇంత మాత్రాన నిజాన్ని వదిలేయను. ప్యానెల్ ముందు రెండు గోడల గురించీ మాట్లాడతాను. గొడుగులావిడను అడిగాను, మీ గోడలో తప్పు లేదని హాల్లో చెప్పమంటారా అని. ఆమె చేతిలో ఊచ అలాగే పట్టుకుని, ఎవరన్నారు అంది. చెప్పాను. ఎవరన్నారు అని మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా చెప్పించుకుంది. పెద్దమేస్త్రి వచ్చి తానే చెబుతారట. వస్తానన్నారు. వచ్చేదాకా నమ్మను.

ఆగస్టు 27

దరఖాస్తు ఇచ్చాను. కార్యదర్శి రెండుసార్లు చదివి, నీకు మతి పోయిందా తల్లీ అన్నారు. అక్కకు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. కంచంలోంచి తలెత్తకుండా, ఈసారి నన్నడిగి చేస్తున్నావా అంది. అడుగుతున్నాను అన్నాను. జన్మలో మొదటిసారి కాబోలు. అక్క కంచం తీసుకుని లేచింది. బాగా వాదించు అంది.

వాన తగ్గడం లేదు.

సెప్టెంబరు 2, సంఘం హాలు, పిలుపు కోసం

పెద్దమేస్త్రి వచ్చారు. గొడుగులావిడ ఆయనకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. అక్క చివరి వరుసలో ఉంది. జేబులోంచి గ్లవ్స్ సగం బయటికి కనబడుతున్నాయి. గోడ పొద్దుటికి ఇంకా నిలబడే ఉంది, చూసే వచ్చాను. ప్రసంగం రాసుకోలేదు. నా పేరు పిలుస్తున్నారు. గొడుగులావిడ గోడ గురించి పెద్దమేస్త్రి చెబుతారు. నేను అడిగేది ఒక్కటే.

అయ్యా, మా అక్కను ఫెయిల్ చెయ్యండి. ఈ రోజే చెయ్యండి. రేపు పొద్దున్న ఆమె గోడను ఆమెకు ఇవ్వండి.